ఎగిరే ముందు చెప్పాల్సిన మాట

మా అమ్మాయి నౌకాదళంలో హెలికాప్టర్ నడుపుతుంది. యుద్ధ విమానాలను మోసుకుపోయే పెద్ద ఓడకు తోడుగా ఉండే స్క్వాడ్రన్‌లో దాని ఉద్యోగం. ఈ మాట ఢిల్లీలో ఎవరికి చెప్పినా ముందు నా మొహం చూస్తారు, తర్వాత నా కాళ్ళ చెప్పులు చూస్తారు. చూడనీ. నేను విశాఖపట్నం చేపల రేవులో ఐసు దిమ్మలు మోసినవాణ్ణి. అమ్మాయి రెండో తరగతిలో ఉండగా దాని పక్కన కూర్చుని నేనూ అక్షరాలు దిద్దుకున్నాను. అప్పటికి నాకు నలభై దాటాయి. అది ఎక్కడికో వెళ్ళిపోయింది. నేను పేపరు చదివేదాకా వచ్చి ఆగాను.

అల్లుడు కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్ళు చూసే ఉద్యోగి. కృష్ణా జిల్లా మనిషి, మాట మెత్తన. ఆర్.కె.పురంలో ప్రభుత్వ క్వార్టర్ ఇచ్చారు. రెండు గదులు, వెనక చిన్న వరండా. నేను చెప్పబోయే ఏడాది మనవరాలు ఒకటో తరగతి. స్క్వాడ్రన్ ఉండేది పడమటి తీరంలో, అందులోనూ ఏడాదిలో సగం ఓడ మీద. కాబట్టి ఆ ఇంట్లో ఉండేది అల్లుడు, పిల్ల, నేను. నా భార్య పోయాక వైజాగ్‌లో నాతో ఎవరికీ పని లేకపోయింది. ఇక్కడ ఉంది. అందుకే వచ్చాను. ఢిల్లీ మీద ప్రేమతో రాలేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో అమ్మాయి వారం సెలవు మీద ఇంటికి వచ్చింది. ఎండలు ముదురుతున్నాయి. కూలర్‌కి కొత్త గడ్డి పెట్టించి, బకెట్‌తో నీళ్ళు పోస్తూ అంది:

"నాన్నా, ఈ ఏడాదే నాకు ఆఖరి అవకాశం."

"దేనికి?"

"రాత్రిపూట ఓడ మీద దిగడానికి. పగలు దిగే పరీక్ష అయిపోయింది. రాత్రిది కూడా అయితే హెలికాప్టర్‌కి నేనే కెప్టెన్ని. ఇంకో రెండేళ్ళు స్క్వాడ్రన్‌లోనే ఉంచుతారు. వచ్చే మార్చి లోపల అవ్వలేదనుకో, ఇక్కడికే పోస్టింగ్. ఢిల్లీలో కుర్చీ."

"కుర్చీలో కూకుని ఏటి సేస్తావు?"

"ఫైళ్ళు చూస్తాను. నీ అల్లుడిలాగే."

అల్లుడు వంటగదిలో ఉల్లిపాయ తరుగుతున్నాడు. "ఫైళ్ళు చూడడం అంత పాపమా?" అన్నాడు అక్కణ్ణుంచే.

"పాపం కాదు బాబూ. నాకు నిద్రొస్తుంది," అంది అమ్మాయి.

అల్లుడు నవ్వాడు. కానీ కత్తి చప్పుడు కాసేపు ఆగింది. నాకు వినబడింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చే భార్య కావాలని అతను ఎన్నడూ పైకి అనలేదు. పిల్లకి జడలు అతనే వేసేవాడు. స్కూలు మీటింగులో తల్లుల మధ్య ఒక్కడే చిన్న కుర్చీలో ముడుచుకుని కూర్చునేవాడు. అలాంటివాడికి కావాలని ఎందుకుండదు? నాకు మాత్రం అది ఎగరాలనే ఉండేది. దాచడం దేనికి.

వెళ్ళే ముందురోజు సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి అడిగాను. ఇన్నేళ్ళూ పదిమందికి గొప్పగా చెప్పుకున్నానే గానీ ఆ పనేమిటో నాకు సరిగా తెలియదు.

"మీ హెలికాప్టరు యుద్ధం సేస్తాదా అమ్మా?"

"ఎక్కువగా నిలబడుతుంది నాన్నా."

"నిలబడ్డమేటి?"

"జెట్ విమానాలు ఓడ మీంచి లేస్తున్నంతసేపూ, మళ్ళీ దిగుతున్నంతసేపూ, ఓడ పక్కన గాలిలో మేము ఉండాలి. ఎవరైనా నీళ్ళలో పడితే తీయడానికి. అందరికంటే ముందు లేస్తాం, అందరికంటే ఆఖర్న దిగుతాం."

"ఎవులైనా పడ్డారా?"

"నేను స్క్వాడ్రన్‌లో చేరాక ఎవరూ పడలేదు."

"అయితే ఉత్తినే నిలబడి రాడానికి అంత ఆయిలు తగలేస్తారా?"

అది పడీపడీ నవ్వింది. నిలబడడం ఒక్కటే కాదట. తీరం నుంచి ఓడకి ఉత్తరాలు, యంత్రాల విడిభాగాలు తీసుకుపోవాలి. కడుపునొప్పితో మెలికలు తిరిగే సెయిలర్‌ని ఒడ్డున ఆసుపత్రికి చేర్చాలి. ఒకసారి కొత్తిమీర కట్టలు కూడా మోశామంది. "నువ్వు ఐసు మోశావు, నేను కొత్తిమీర మోశాను. మన ఇంటి పని మారలేదు," అంది.

వేసవి అంతా ఓడ సముద్రంలోనే ఉంది. అలా ఉన్నప్పుడు ఫోను పలకదు. తీరానికి దగ్గరగా వచ్చినప్పుడు కాసేపు సిగ్నల్ దొరికితే అదృష్టం. లేకపోతే ఓడలోని కంప్యూటర్ నుంచి రెండు ముక్కల మెయిల్. ఇక్కణ్ణుంచి అల్లుడు జవాబు రాసేవాడు, పంపేముందు నాకు చదివి వినిపించేవాడు. అన్నీ మంచి సంగతులే.

స్క్వాడ్రన్ కుటుంబాలకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. అందరూ భార్యలే. మగవాడు మా అల్లుడొక్కడే. వాళ్ళు అతన్ని భయ్యా అంటారు, వంటలు అడిగి చెప్పించుకుంటారు. కమాండర్ గారి భార్య ఆ గ్రూపుకి పెద్ద. ఆవిడ అల్లుడికి మొదట్లోనే ఒక పద్ధతి నేర్పింది. ఓడ బయలుదేరాక ఇంటి కష్టాలు రాయకూడదు. ఎగిరేవాళ్ళ బుర్ర తేలిగ్గా ఉండాలి. పైపు పగిలినా, అత్తగారు పోట్లాడినా, ఓడ రేవుకి వచ్చాకే చెప్పాలి. అక్కడ అందరూ పాటించేది అదే. మంచి మనసుతో పెట్టుకున్న పద్ధతే, కాదనను.

కానీ స్క్వాడ్రన్‌లో నడిచే పద్ధతి దానికి సరిగ్గా ఎదురు. అది నాకు వానాకాలంలో తెలిసింది.

వానాకాలంలో ఓడ రేవులో మరమ్మతుకి ఆగింది. హెలికాప్టర్లు షెడ్డులోకి చేరాయి. ఉప్పుగాలి ఇనుమును ఎలా తింటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రేవులో గిలకలు మూడేళ్ళకే పొరలు పొరలుగా రాలిపోయేవి. వీళ్ళు ఒక్కో భాగమూ విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తారట. పైలట్లేమో పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. హెలికాప్టర్ నీళ్ళలో పడితే ఎలా బయటపడాలో నేర్పడానికి, కొలనులో ఒక ఉత్తుత్తి క్యాబిన్‌లో బెల్టులు కట్టి, తలకిందులుగా ముంచి, ఊపిరి బిగబట్టి బయటికి రమ్మంటారట. ఇది విన్న రోజు నాకు అన్నం సహించలేదు. అదేమో నవ్వుతూ చెబుతోంది. ఆ నెలల్లో రోజూ ఫోన్ చేసేది. మధ్యమధ్య తీరం మీద చిన్న చిన్న ప్రయాణాలుండేవి.

ఒకరోజు పొద్దున్నే చేసింది. "ఇవాళ ఎగరలేదు నాన్నా. పక్క క్వార్టర్ కుక్క తెల్లార్లూ మొరిగింది. నిద్ర లేదు. చెప్పేశాను."

"కుక్క మొరిగిందని డ్యూటీ మానేస్తావేటి? నాను జొరంతో ఐసు మోసేను."

"నువ్వు జారిపడితే ఐసు పగిలేది నాన్నా."

అప్పుడు చెప్పింది. పొద్దున ఎగరబోయే వాళ్ళందరూ ఒక గదిలో కూర్చుంటారు. గాలి ఎటుంది, అల ఎంతుంది, అన్నీ అయ్యాక కమాండర్ ఒక్కొక్కరినీ చూస్తాడు. ఒంట్లో బాగులేకపోయినా, నిద్ర లేకపోయినా, ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చినా అప్పుడే చెప్పాలి. చెప్పినవాళ్ళు ఆ రోజు నేల మీద ఉంటారు. ఎవరూ ఎగతాళి చెయ్యరు, కాగితం మీదికి ఎక్కించరు. దాచి ఎగిరినట్టు తేలితే మాత్రం క్షమించరు.

నాకు ఆ పద్ధతి నచ్చింది. రేవులో మాకు అలాంటిది ఉండి ఉంటే ఒకరిద్దరు ఇంకా బతికి ఉండేవారు.

దసరా అయ్యాక ఓడ మళ్ళీ కదిలింది. వెన్నెల లేని రోజులు చూసి రాత్రి పరీక్షలు పెట్టారు. ఆ రాత్రులు వరసగా పూర్తి చెయ్యాలి. మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచి. మొదటి రాత్రి బాగా జరిగిందని మెయిల్ వచ్చింది. అది వచ్చిన రోజునే పిల్ల ఒళ్ళు కాలింది.

ఢిల్లీలో ఆ రోజుల్లో జ్వరమంటే ముందు డెంగ్యూ అనే అనుకుంటారు. అదే అయింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆసుపత్రిలో పెట్టుకున్నారు. పగలు నేను, రాత్రి అల్లుడు. పిల్లకి అక్కడి తిండి నోట పెట్టబుద్ధి కాలేదు. కటవారియా సరాయ్‌లో పరీక్షలకి చదువుకునే మన పిల్లల కోసం ఒకాయన మెస్ నడుపుతాడు, అక్కడి నుంచి మెత్తటి అన్నం, చారు తెచ్చేవాణ్ణి. రెండు ముద్దలు తిని "బస్ తాతా" అని మొహం తిప్పుకునేది.

ఆసుపత్రి వరండాలో అల్లుడు నన్ను పక్కకి పిలిచాడు.

"మామయ్య గారూ, తనకి చెప్పకండి."

"ఏటి సెప్పొద్దు?"

"ఇది. ఇంకొన్ని రాత్రులే కదా. అయిపోయాక నేనే చెబుతాను. డాక్టర్ భయం లేదంటున్నాడు. ఇప్పుడు చెబితే తను ఎగరడం మానేస్తుంది. ఏడాది కష్టం పోతుంది."

నేను అతని మొహంలోకి చూశాను. మూడు రోజుల గడ్డం. అడగకూడనిది అడిగాను. "నిజం సెప్పండి బాబూ. అది ఢిల్లీ వొచ్చెయ్యాలని మీకు లేదా?"

"ఉంది," అన్నాడు. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. "ఉంది మామయ్య గారూ. చాలా ఉంది. కానీ ఇలా కాదు. పిల్లకి జ్వరం వచ్చి, దాని వల్ల తప్పిపోయి రాకూడదు."

మంచివాడు. నేను కాదనలేదు, సరే అనీ అనలేదు. "నా అంతట నాను సెప్పను. అది అడిగితే అబద్ధం ఆడను," అన్నాను.

"అడగదు లెండి. సిగ్నల్ ఉండదు."

సిగ్నల్ దొరికింది. మర్నాడు మధ్యాహ్నం ఓడ ఏదో సామాను కోసం తీరం దగ్గరికి వచ్చిందట. అల్లుడి ఫోను ఛార్జింగ్ లేక ఆగిపోయి ఉంది. నాకు చేసింది. నేను పిల్ల మంచం పక్కన కూర్చుని ఉన్నాను. పిల్ల నిద్రపోతోంది. లేచి వరండాలోకి వచ్చాను.

"నాన్నా! ఇంట్లో అంతా బాగుందా?"

"లేదమ్మా. గుంటకి డెంగ్యూ. ఆసుపత్రిలో ఉన్నాది."

అటు గాలి హోరు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. "ఎలా ఉంది?"

"ప్లేట్‌లెట్లు పడిపోనాయి. ఇయ్యాల కొంచెం లేసేయి. భయం లేదంటన్నారు."

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులు."

"నిన్న డ్యాన్స్ క్లాసుకి వెళ్ళిందని మెయిల్ వచ్చిందే."

"ఎల్లలేదు." ఆ మెయిళ్ళు అల్లుడు నాకు చదివి వినిపించలేదు.

"మొన్న స్కూల్లో బొమ్మ వేసిందని?"

"అదీ లేదమ్మా."

"సరే నాన్నా," అంది. ఫోను కట్ అయింది. సిగ్నల్ పోయిందో, అదే పెట్టేసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

సాయంత్రం అల్లుడు రాగానే చెప్పాను. అతను పిల్ల మంచం పక్క కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు కమాండర్ గారి భార్య నుంచి ఫోను వచ్చింది. ఆవిడ నాతో మాట్లాడాలందట.

"అంకుల్ జీ, ఆప్‌నే క్యోఁ బతాయా? ఎందుకు చెప్పారు? మేము ఇక్కడ ఎంత జాగ్రత్తగా ఉంటామో మీకు తెలీదా?" హిందీలో ఆవిడ చెప్పింది అదే, కాస్త మర్యాద కలిపి.

నా హిందీ పాలబూత్ దగ్గర నేర్చుకున్నది. "మేడమ్ జీ, ఆప్ కా బచ్చా బీమార్, ఆప్ కో మాలూమ్ నహీఁ. ఆప్ కో అచ్ఛా లగేగా?" అన్నాను. మీ పిల్లకి జబ్బు చేసిందని మీకే తెలియకపోతే మీకు బాగుంటుందా అని.

ఆవిడ "అంకుల్ జీ, ఖయాల్ రఖియే," అని, జాగ్రత్త చెప్పి పెట్టేసింది. తర్వాత ఆవిడే పిల్ల కోసం దానిమ్మపళ్ళు పంపించింది. మనిషి మంచిదే.

నాతో మాట్లాడిన సాయంత్రమే అమ్మాయి కమాండర్‌కి చెప్పి ఎగరడం మానుకుంది. పిల్ల ఇంటికి వచ్చేదాకా ఎగరలేదు. దాని రాత్రులు మరో కుర్ర పైలట్‌కి ఇచ్చారు, అతను గట్టెక్కాడు. ఆ తర్వాత ఓడ వేరే దేశాల ఓడలతో కలిసి చేసే విన్యాసాలకి వెళ్ళిపోయింది. అక్కడ రాత్రిపూట అన్నీ వచ్చినవాళ్ళే ఎగరాలి, నేర్చుకునేవాళ్ళకి చోటు లేదు. కెప్టెన్ కావడానికి ఇక మిగిలింది ఫిబ్రవరిలో ఒక్క ప్రయాణం.

అల్లుడు వారం రోజులు నాతో "భోజనం పెట్టనా", "తాళం మీ దగ్గరుందా" తప్ప మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. చెప్పాను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను.

నవంబరు ఆఖరికి అమ్మాయి సెలవు మీద వచ్చింది. అప్పటికి ఢిల్లీ పొగలో మునిగి ఉంది. కిటికీలన్నీ మూసుకుని, గొంతు మంటకి మిరియాల పాలు తాగుతూ కూర్చున్నాం. పిల్ల తల్లి ఒళ్ళోంచి దిగడం లేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరికొకరు మహా మర్యాదగా ఉన్నారు. పోట్లాడుకున్నా బాగుండేది. చివరికి అల్లుడే కదిపాడు.

"నీ పరీక్ష పోయిందని నాకూ బాధగానే ఉంది. చెప్పకూడదనే చూశాను."

"జ్వరం వల్ల నేను ఆగిపోలేదు," అంది అమ్మాయి.

"మరి?"

"జ్వరానికి డాక్టరున్నాడు. నువ్వున్నావు, నాన్న ఉన్నాడు. ఒక్క పూట ఆగి మళ్ళీ ఎగిరేదాన్నేమో. డ్యాన్స్ క్లాసు వల్ల ఆగిపోయాను."

"డ్యాన్స్ క్లాసేంటి?"

"వెళ్ళని క్లాసుకి వెళ్ళిందని రాశావు. ఏ డ్రెస్ వేసుకుందో కూడా రాశావు. ఇంకేమేం లేనివి రాశావో నాకెలా తెలుస్తుంది? హెలికాప్టర్లో నా ముందు ఇన్ని మీటర్లుంటాయి. ఒక్క ముల్లు తప్పు చూపిస్తే ఆ ఒక్కదాన్నే అనుమానించి ఊరుకోలేం. మిగతావన్నీ నిజమో కాదో చూసుకోవాలి. చీకట్లో అంత తీరిక ఉండదు."

"నీ కోసమే రాశాను."

"తెలుసు. అందుకే కోపం కూడా సరిగ్గా రావట్లేదు నాకు. లేకపోతే ఈపాటికి నిన్ను కూలర్‌లో పడేసేదాన్ని."

పిల్ల తలెత్తింది. "మమ్మా, కూలర్ తో బంద్ హై," కూలర్ ఆపేసి ఉందిగా అంది. అందరం నవ్వాం. అల్లుడు చేత్తో మొహం తుడుచుకున్నాడు.

ఆ రోజున మా ఇంట్లో స్క్వాడ్రన్ పద్ధతి మొదలైంది. అమ్మాయి "ఇంట్లో ఏంటి?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చిన్నదైనా, పెద్దదైనా. అందరికంటే పిల్లకి ఇది బాగా నచ్చింది. ఫోను దొరికితే చాలు, ఫిర్యాదులు. "డాడీ నే దూధ్ జలా దియా," పాలు మాడ్చేశాడని. "తాత లెక్క తప్పు చెప్పాడు, మేడమ్ రాంగ్ పెట్టింది." ఆ లెక్క నేను తప్పు చెప్పలేదు, అడిగిన తీరే అర్థం కాకుండా ఉంది. అది వేరే సంగతి.

డిసెంబరు, జనవరి అలాగే గడిచాయి. నౌకాదళం పండగ రోజు వాళ్ళ హెలికాప్టర్లు తీరం మీద జనానికి విన్యాసాలు చూపించాయి. తర్వాత పైఅధికారులు తనిఖీకి వచ్చారు. ప్రతి ఏడూ వస్తారట. హెలికాప్టర్ నుంచి బూటు లేసుల దాకా చూస్తారట. ఇక్కడేమో మంచు పట్టి మధ్యాహ్నం దాకా ఎదుటి బ్లాకు కనబడేది కాదు.

ఫిబ్రవరిలో ఓడ బయలుదేరే రోజు దగ్గరికొచ్చింది. ఆ పొద్దున నేను పాలకి వెళ్ళాను. బూత్ ముందు ఎవరో పాలు ఒలకబోసినట్టున్నారు, కాలు జారింది. పడేటప్పుడు ఎడమ చెయ్యి నేలకి ఆనింది. లేచి చూస్తే మణికట్టు ఉండాల్సిన చోట లేదు. అల్లుడు ఆఫీసు మానేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సరిచేసి కట్టు వేశారు. ఆ సరిచెయ్యడం గురించి రాయను.

ఆటోలో ఇంటికి వస్తూ అన్నాను. "బాబూ, దానికి సెప్పకండి."

అతను మెల్లగా నావైపు తిరిగాడు. "ఏమన్నారు?"

"రేపో ఎల్లుండో ఎగర్తాది. ఇదే ఆకరి సారి. నా సంగతి వేరు. ముసలి సెయ్యి, విరిగితే ఏటి, విరక్కపోతే ఏటి."

"అక్టోబర్లో మీరేమన్నారు మామయ్య గారూ?"

"అప్పుడు గుంట."

"ఇప్పుడు మీరు. తేడా ఏముంది?"

ఆటో డ్రైవర్ అద్దంలోంచి మా ఇద్దరినీ చూస్తున్నాడు.

సాయంత్రం ఓడ రేవులో ఉండగానే ఫోను వచ్చింది. "ఇంట్లో ఏంటి?" అని అడిగింది. అల్లుడు స్పీకర్ పెట్టి, పేపర్ చదివినట్టు చెప్పుకుపోయాడు. ఎక్కడ పడ్డానో, ఏ ఎముకో, కట్టు ఎన్ని వారాలుంచాలో, వంట ఎవరు చేస్తున్నారో.

"నొప్పి లేదంటున్నారు. ఉంది. స్నానాల గదిలో మూలుగుతుంటే విన్నాను," అన్నాడు.

"బాబూ!" అన్నాను.

"నాన్నా, నొప్పి ఉందా?"

"ఉన్నాది."

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"లేదు."

"ముందు తిను. ఇంకేమైనా ఉందా ఇంట్లో?"

"గ్యాస్ అయిపోయింది," అన్నాడు అల్లుడు. "మా సెక్షన్‌లో ఒకాయన బదిలీ అయ్యాడు, ఆయన పని నా మీద పడింది. పిల్లకి ముందు పన్ను కదులుతోంది."

"ఇంకా?"

అల్లుడు నోరు తెరిచి మూశాడు. "అంతే," అన్నాడు.

నేను అతని వైపు చూశాను. అతను గోడ వైపు చూస్తున్నాడు.

అమ్మాయి కమాండర్‌కి చెప్పిందట. తండ్రి చెయ్యి విరిగింది, కట్టు వేశారు, చూసుకునే మనిషి పక్కనే ఉన్నాడు అని. ఆయన దాన్ని కాసేపు చూసి "అన్నీ తెలుసుకున్నావా?" అని అడిగాడట. "తెలుసుకున్నాను సర్," అందట. ఎగరమన్నాడు.

తర్వాత కొన్నాళ్ళు ఫోను లేదు. నేను కుడిచేత్తో బఠాణీలు వలుస్తూ, వలవలేకపోతూ, ఫోను వైపు చూస్తూ గడిపాను. ఒక ఆదివారం పొద్దున మోగింది. అల్లుడు చపాతీలు వత్తుతున్నాడు. పిండి చేత్తోనే ఎత్తి స్పీకర్ పెట్టాడు.

"అయిపోయింది!" అంది. "అన్ని రాత్రులూ అయిపోయాయి. కెప్టెన్ అని రాసేశారు. నాన్నా, వింటున్నావా? కింద ఏమీ ఉండదు నాన్నా, సిరా పోసినట్టు నలుపు. అందులో వరసగా కొన్ని దీపాలు, అవి కూడా పక్కకి జరిగిపోతూ ఉంటాయి. వాటిని పట్టుకుని దిగాలి. దిగాను."

"మా తల్లే," అన్నాను. పిల్ల సోఫా మీద గెంతుతోంది.

"ఏయ్, నువ్వేం మాట్లాడవేం?" అంది మొగుణ్ణి. "సంతోషమేనా?"

అల్లుడు చపాతీ కర్ర పక్కన పెట్టాడు. "సగం," అన్నాడు.

"సగమేంటి?"

"నువ్వు సాధించావు, దానికి సంతోషం. ఇంకో రెండేళ్ళు నువ్వు రావు. ఢిల్లీ వస్తావని అనుకుంటూ ఉన్నాను. అనుకోకూడదనుకుంటూనే అనుకున్నాను. ఏప్రిల్ నుంచి."

పిల్ల గెంతడం ఆపింది.

"మొన్న ఇంకేమైనా ఉందా అని అడిగాను నిన్ను," అంది అమ్మాయి.

"అడిగావు."

"అంతే అన్నావు."

"చెబితే ఎగిరేదానివా?"

"కమాండర్‌కి చెప్పేదాన్ని. ఆయన ఏమనేవాడో తెలీదు."

"నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. కోపమొస్తే తిట్టు."

నేను పిల్లని తీసుకుని వెనక వరండాలోకి వెళ్ళి తలుపు మూశాను. కింద పార్కులో ఎవరో ఎండలో కూర్చుని పల్లీలు తింటున్నారు. పిల్ల నా కట్టు మీద స్కెచ్ పెన్నుతో చేపలు గీసింది. లోపలి మాటలు వినబడలేదు. ఒకసారి అల్లుడి గొంతు లేచింది, అతని గొంతు లేవడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. తర్వాత తగ్గింది. పిల్ల కట్టంతా చేపలతో నింపేదాకా తలుపు తెరుచుకోలేదు.

అల్లుడు బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతికి పిండి ఎండిపోయి ఉంది.

"ఓడ రేవుకి రాగానే నన్ను సెలవు పెట్టమంది," అన్నాడు. "పిల్లనీ మిమ్మల్నీ తీసుకుని అక్కడికి రమ్మంది. రెండేళ్ళ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం అంది. నేను అక్కడికి డెప్యుటేషన్ అడగొచ్చా, తను ఒక ఏడాదికే ఒప్పుకోవచ్చా, అన్నీ."

"మరి మాటాడుకోండి."

"మీరేమంటారు?"

"నన్నడక్కండి బాబూ. నాను అది ఎగరాలనే అంటాను. మీకు తెలుసు."

"తెలుసు," అన్నాడు. గోళ్ళలోంచి పిండి గీకుతూ కాసేపు నిలబడ్డాడు. "ఈసారి మీ మాట కాదు, ముందు నా మాట వింటానంది."

వంటగదిలోకి వెళ్ళి స్టవ్ వెలిగించాడు.